పళ్ళెం గీసినావిడ పేరు

ఆ పొద్దున గేటు దాటి వస్తున్న బొమ్మలావిడ నడక చూడగానే వాచ్‌మన్‌కి అర్థమైపోయింది, పైన ఎవరికో మూడిందని. మామూలుగా అయితే ఆమె అక్కడ ఆగుతుంది. వాళ్ళావిడ మోకాలినొప్పి ఎలా ఉందని అడుగుతుంది. అతను చెప్పే సోదంతా విని, తనకు తెలిసిన చిట్కా ఒకటి చెప్పి గానీ కదలదు. ఆ రోజు అతను నోరు తెరిచేలోపే మెట్ల దగ్గరికి వెళ్ళిపోయింది. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది. దాన్ని పట్టుకున్నట్టు లేదు, పీక నొక్కుతున్నట్టు ఉంది.

"ఏమైందమ్మా?" అని కేకేశాడు.

"ఇంకా ఏం కాలేదు. ఇప్పుడవుతుంది," అని వెనక్కి చూడకుండానే చెప్పి మెట్లెక్కింది.

ఆ భవనంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఆమెకొక పేరుందన్న సంగతి జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు కూడా లేదు. పాతకాలపు జనం వాడిన మట్టిపాత్రల మీద పరిశోధన చేసే శాఖ అది. ఎక్కడెక్కడో తవ్విన కుండపెంకులు మూటల్లో వస్తాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, నంబర్లు వేసి, పనికొచ్చేవాటిని ట్రేలో సర్ది ఆమె గదికి పంపిస్తారు. అరచేతిలో ఇమిడే అంచుముక్కను చూసి, అది ఏ పాత్రలోదో, ఆ పాత్ర నోరెంత వెడల్పో, పొట్టెంత ఉబ్బో ఆమె కాగితం మీద గీస్తుంది. ఎడమ సగం కోసి లోపల చూపించినట్టు, కుడి సగం బయటినుంచి చూసినట్టు. అందుకే బొమ్మలావిడ.

ఆమె తండ్రి దుకాణాల బోర్డులు రాసేవాడు. కూతురి చేతిలో గీత ఉందని బొమ్మల కాలేజీలో చేర్పించాడు గానీ, చదువు సగంలో ఉండగానే ఆయన చెయ్యి వణకడం మొదలైంది. బోర్డు మీద అక్షరాలు వంకర్లు పోతే ఎవరు పనిస్తారు? ఆమె కాలేజీ మానేసి ఆయన కుంచె అందుకుంది. ఈ శాఖకు మొదట వచ్చింది కూడా బీరువాల మీద నంబర్లు రాయడానికే. అప్పటి సారు ఒకాయన, ఆమె స్కేలు లేకుండా గీత తిన్నగా లాగడం చూసి, చేతిలో పెంకు ముక్క పెట్టి "దీన్ని గీయగలవా?" అన్నాడు. ఆ ముక్క పట్టుకున్న చెయ్యి మళ్ళీ వదల్లేదు. ఇప్పుడామె జుట్టు చెవుల దగ్గర నెరిసింది. శాఖలో ముగ్గురు పెద్దసార్లు మారారు. ఆమె ఉద్యోగం మాత్రం ఏడాదికోసారి పెద్దసారు సంతకం పెడితే నిలిచే ఉద్యోగంగానే ఉండిపోయింది.

ఇప్పటి పెద్దసారు తలుపు ఆమె తట్టలేదు. తోసింది.

కాగితం ఏమిటో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కొన్నేళ్ళ కిందట ఒక ట్రే వచ్చింది. అందులోవన్నీ వెడల్పాటి, లోతు లేని పాత్రల ముక్కలు. పెంకు గీయడానికి ఒక పద్ధతుంది. అంచును చదునైన బల్లకు బోర్లా ఆనించి, కింద నుంచి వెలుతురు కనిపించకుండా పోయేదాకా ముందుకీ వెనక్కీ వాల్చుతారు. ఆ వాలు దొరికిందంటే పాత్ర దొరికినట్టే. వలయాలు గీసిన అట్ట మీద పెట్టి నోటి వెడల్పు చూస్తారు. సన్నటి ఇనుపపుల్లల దువ్వెన ఒకటి ఉంటుంది, దాన్ని ముక్కకు నొక్కితే వంపు అందులో దిగుతుంది. ఇదంతా అయ్యాక, కాగితం మీద పెట్టేటప్పుడు ఒక్క సంగతి తేల్చుకోవాలి. అంచు పైకి పెడితే అది పళ్ళెం. కిందికి పెడితే మూత. వాలు రెండింటికీ ఒకటే.

ఆమె పైకి పెట్టింది.

ఒక ముక్కకు నడిమధ్యలో విరిగిన మొదలు ఒకటి ఉంది. పళ్ళేనికి కింద పీట అయి ఉంటుందనుకుంది. అంచు చుట్టూ నలుపు ఉంది. కుమ్మరి ఆవంలో కాల్చినప్పుడు పట్టిన పొగ అనుకుంది. ఎవరినీ అడగలేదు. అడగాలని తోచలేదు కూడా.

బొమ్మలన్నీ వరసగా ఒక షీటు మీద అతికించి ఆరబెడుతుంటే పెద్దసారు ఆ గదిలోకి వేరే పని మీద వచ్చి, అక్కడే నిలబడిపోయాడు. "ఇంత పెద్ద పళ్ళేలా? ఒక్కడు తినేవి కావే ఇవి," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. ఆ షీటు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే కెమిస్ట్రీ శాఖ సారు దగ్గరికి ముక్కలు వెళ్ళాయి. గీకి చూస్తే పాల కొవ్వు జాడలున్నాయన్నారు. ఇంకేముంది, వ్యాసం తయారైంది. ఆ ఊరి జనం ఇంటిల్లిపాదీ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినేవాళ్ళు, అక్కడ ఎక్కువ తక్కువలు ఉండేవి కావు అని. పెద్దసారు పేరు మారుమోగిపోయింది. పిలిచి మాట్లాడించనివాళ్ళు లేరు. ఆమె గీసిన పళ్ళేన్ని తలుపంత పెద్దది చేయించి, కింద హాల్లో గోడకి తగిలించారు.

వ్యాసం చివర, చీమల్లాంటి అక్షరాల్లో, "బొమ్మల విషయంలో సహకరించిన సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఉంది.

అప్పుడే అడిగింది ఆమె. "సార్, నా పేరు వెయ్యకూడదా?"

పెద్దసారు నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, చిన్నపిల్ల చందమామ కావాలంటే నవ్వే నవ్వు. "రచయితంటే ఆలోచన ఇచ్చినవాడమ్మాయ్. నీది పనితనం. చాలా గొప్ప పనితనం, కాదనను. కానీ కెమెరా ఫొటో తీస్తుంది, కెమెరా పేరు వేస్తామా? మా సబ్జెక్టులో అసలు ఒక్క పేరే వెయ్యాలి. ఆ కెమిస్ట్రీ వాళ్ళ గోల పడలేక ఇన్ని పేర్లయ్యాయి."

కెమిస్ట్రీ వాళ్ళ పేర్లు నిజంగానే బారుగా ఉన్నాయి. గీకిన పిల్లాడు, మిషన్ నడిపినావిడ, లెక్కలు చూసినతను, చివర్న ఆ మిషన్ కొనిపెట్టిన డైరెక్టరు. ఆ డైరెక్టరు పెంకు మొహం చూసిన పాపాన పోలేదు. ఆమె వెళ్ళి కెమిస్ట్రీ సారునీ అడిగింది. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "మా దాంట్లో చెయ్యి పెట్టిన ప్రతివాళ్ళ పేరూ వేస్తాం మేడం. మీరు మా ల్యాబ్‌లో ఉంటే తప్పకుండా వేసేవాణ్ణి. కానీ మీరు వాళ్ళ మనిషి కదా. వాళ్ళ పద్ధతి వాళ్ళది."

ఇక్కడివాళ్ళు అక్కడికి చూపించారు, అక్కడివాళ్ళు ఇక్కడికి చూపించారు. ఇద్దరూ మర్యాదగానే చూపించారు. తిట్టినా బాగుండు, తిరిగి తిట్టేది. ఆ మర్యాదకే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కానీ మింగేసింది. మింగింది అరగలేదు.

ఇప్పుడేమైందంటే, ఎక్కడో దూరాన ఇంకెవరో తవ్వారు. వాళ్ళకొక కుండ పగలకుండా దొరికింది. ఆ కుండ నెత్తిన, టోపీ పెట్టుకున్నట్టు, ఈ పళ్ళెం బోర్లా కూర్చుని ఉంది. నడిమధ్యలో విరగని పిడితో సహా. అవి పళ్ళేలు కావు. మూతలు.

పరిశోధన లోకమంతా పగలబడి నవ్వింది. "ఒకే మూతలో తిన్న జనం" అని ఎవరో రాశారట. పత్రికవాళ్ళు సవరణ వెయ్యమన్నారు. పెద్దసారు సవరణ రాశాడు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి, అందరూ కళ్ళజోడు పిల్ల అంటారు, ఆ పొద్దున బస్‌స్టాపులో బొమ్మలావిడకి దాని ప్రింటు ఇచ్చింది. "నేనిచ్చానని చెప్పకక్కా" అని వెంటనే వేరే బస్సెక్కేసింది.

అందులో ఇలా ఉంది: "చిత్రకారిణి పొరపాటు కారణంగా మూతలు పళ్ళేలుగా చిత్రితమైనాయి." చిత్రకారిణి పక్కన ఆమె పేరు. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా. ఇన్నేళ్ళలో ఆ శాఖ నుంచి వెళ్ళే కాగితంలో ఆమె పేరు కనిపించడం అదే మొదటిసారి.

"ఏంటమ్మాయ్, తలుపు కొట్టకుండా?" అన్నాడు పెద్దసారు.

ఆమె కాగితం ఆయన ముందు పెట్టి చేత్తో చదును చేసింది. ఆయన చూశాడు. అది ఆమె దగ్గరికి ఎలా వచ్చిందని అడగబోయి, అనవసరమనుకున్నాడో ఏమో, కళ్ళద్దాలు తీశాడు.

"చూడూ, నీ మీద నాకేం కోపం లేదు. కానీ ఉన్నమాట రాయాలి కదా. గీసింది నువ్వే కదా?"

"నేనే సార్. తప్పు నాదే. నిన్న ఆ ముక్కల డబ్బా తీసి మళ్ళీ చూశాను. అది పీట కాదు, పిడి విరిగిన మొదలు. నలుపు పొయ్యి పొగ. నేను సరిగ్గా చూడలేదు."

ఆమె ఏడుస్తుందనో, బుకాయిస్తుందనో ఆయన సిద్ధమై ఉన్నాడు. ఇది ఊహించలేదు. "మరింకేం? ఒప్పుకుంటున్నావుగా."

"తప్పు నేను చేశానంటే, ఆ పళ్ళెం నాదన్నమాటేగా? దాన్ని చూసేగా మీకు ఆ ఆలోచన వచ్చింది? మరి వ్యాసం మీద నా పేరేది?"

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు సార్? పొగిడినప్పుడు నేను కెమెరానా? ఇప్పుడు తిట్టాల్సొచ్చేసరికి మనిషినయ్యానా? రాయండి, కెమెరా పొరపాటు వల్ల అని రాయండి. కెమెరాకి ఇంటిపేరెందుకు?"

గొంతు పెరిగింది. పక్కగదిలో టైపు చేస్తున్న చప్పుడు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే కెమిస్ట్రీ సారు లోపలికొచ్చాడు, తనూ ఆ సవరణ గురించే. గుమ్మంలో ఆగి, వచ్చిన వేళ మంచిది కాదని గ్రహించాడు గానీ వెనక్కి తిరిగే వీల్లేకపోయింది.

"రండి రండి," అన్నాడు పెద్దసారు, ఒడ్డు దొరికినట్టు. "మీరైనా చెప్పండి ఈ అమ్మాయికి."

"నేను చెప్పాల్సింది ఒక్కటే సార్. మా ఫలితంలో తప్పు లేదు. పాల కొవ్వు పాల కొవ్వే. పాలు పొంగితే మూతకి అంటవా? కాబట్టి ఈ సవరణలో మా వాళ్ళ పేర్లు లేకుండా చూడండి. మా డైరెక్టర్ గారు మరీ మరీ చెప్పమన్నారు."

బొమ్మలావిడ ఆయనవైపు తిరిగింది. "ఆ రోజు ముందుకు తోసుకొచ్చారు. ఈ రోజు వెనక్కి నక్కుతున్నారా? మీ దాంట్లో చెయ్యి పెట్టిన ప్రతివాళ్ళ పేరూ వేస్తారుగా. ఇప్పుడు చెయ్యి కడిగేసుకున్నవాళ్ళ పేర్లు తీసేస్తారా?"

"మేడం, అలా కాదు, ఒక్కొక్కరికి ఒక్కో పద్ధతి..."

"పద్ధతి, పద్ధతి! ఏ పద్ధతి చూసినా నేను గడప బయటే ఉన్నాను. తప్పు మోసేటప్పుడు మాత్రం నన్ను నట్టింట్లో కూర్చోబెడతారు!"

పెద్దసారు లేచి నిలబడ్డాడు. "ఇక చాలు. నువ్వు కోపంలో ఉన్నావ్. ఇంటికెళ్ళు. రేపు మాట్లాడదాం."

ఆమె వెళ్ళిపోయింది. మెట్లు దిగుతుంటే హాల్లో గోడమీద తలుపంత పళ్ళెం కనిపించింది. తను గీసిందే. బాగా గీసింది కూడా. అందుకే ఇంకా ఎక్కువ కోపమొచ్చింది, తన మీద.

ఆమె భర్త మార్కెట్ సందు మొదట్లో తాళంచెవులు చేస్తాడు. రేకుల బడ్డీ, గోడనిండా వేలాడే చెవులు, ఒక అరగదీసే యంత్రం, అంతే. ఆమె వెళ్ళేసరికి ఒక లావుపాటాయన తాళంచెవి చేతిలో ఊపుతూ అరుస్తున్నాడు. తిరగట్లేదట. తలుపు దగ్గర గంటసేపు నిలబడ్డాడట. భర్త నోరెత్తకుండా ఆ చెవి తీసుకుని, రెండుసార్లు యంత్రానికి ఆనించి, ఊది, తిరిగి ఇచ్చాడు. ఆయన గొణుక్కుంటూ పోయాడు.

"అన్ని మాటలంటుంటే ఊరుకుంటారేంటి?" అంది ఆమె, ఉన్న కోపం కొంత అక్కడ దించుకుంటూ.

"బోర్డు మీద పేరు నాదేనాయె. నన్ను కాక పక్క బడ్డీవాణ్ణి తిడతాడా?" అన్నాడు భర్త. ఆమె మొహం చూసి, "ఏంటే, ఇంత పెందలాడే వచ్చావ్? మీ సారుని కొట్టి వచ్చావా?"

"ఇంకా లేదు."

చెప్పింది. అతను వింటూనే ఇంకో చెవి అరగదీశాడు. అంతా అయ్యేసరికి ఆమె ఫోను మోగింది. పెద్దసారు. గొంతులో తేనె.

"ఆలోచించాను అమ్మాయ్. నువ్వన్నదీ నిజమే, ఒకరి పేరెత్తి రాయడం బాగోదు. 'చిత్రణలో ఒక పొరపాటు జరిగింది' అని మార్చాను. ఎవరి పేరూ లేదు. నీ మీదికేం రాదు. వచ్చే నెల నీ కొత్త ఏడాది కాగితాల మీద సంతకం కూడా పెట్టేస్తాను. ఇక సంతోషమేనా?"

ఆమె జవాబు చెప్పేలోపే పెట్టేశాడు.

"పోన్లే, మంచి కబురేగా," అన్నాడు భర్త. "పేరు తీసేశారు, ఉద్యోగం ఉంది. ఇక వదిలెయ్."

"జరిగింది అట! ఒక పొరపాటు జరిగింది అట! దానంతటది జరగడానికి అదేం వానా? నేను చేశాను. నా ఈ చేత్తో, అంచు పైకి పెట్టి గీశాను."

"తిట్లు తప్పించుకుంటే ఏడ్చేదాన్ని నిన్నొక్కదాన్నే చూస్తున్నా."

"ఇందాక ఆ లావుపాటాయన అన్నేసి తిట్లు తిట్టాడు. బోర్డు తీసేసుకుంటే తిట్లు పడక్కర్లేదుగా. తీసేస్తారా?"

అతను నవ్వబోయి ఆగాడు. బోర్డువైపు చూశాడు. ఆ అక్షరాలు రాసింది ఆమే, పెళ్ళైన కొత్తలో. "ఉద్యోగం పోతే?" అన్నాడు నెమ్మదిగా. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

ఉద్యోగం పోతే ఏం చెయ్యాలో ఆమెకు తెలీదు. పెంకులు గీయడం తప్ప ఆమెకు ఇష్టమైన పని ఇంకోటి లేదు. ఊరుకుంటే ఆ బల్ల, ఆ కిటికీ, ఆ ట్రేలు అన్నీ ఉంటాయి. పేరొక్కటే ఉండదు. ఎప్పుడూ లేనిదే కదా. ఇలా అనుకునేసరికి, ఎప్పుడూ లేనిదే కదా అన్న ఆ మాటకే మళ్ళీ మండింది.

కళ్ళజోడు పిల్లకి ఫోను చేసి పత్రిక చిరునామా అడిగింది. "అక్కా, నా థీసిస్ సార్ చేతిలో ఉంది. నన్ను ఇందులోకి లాగకు."

"నీ పేరు రాదులే. నా పేరు రావాలి గానీ, నీదెందుకొస్తుంది?"

బడ్డీలో స్టూలు మీద కూర్చుని, ఫోనులోనే రాసింది. పత్రిక సంపాదకురాలికి. ఇంగ్లీషు రాదని కాదు, రాసేకొద్దీ కోపం వేళ్ళలోకి వచ్చి తప్పులు పడుతున్నాయి. చెరిపి, మళ్ళీ రాసి, చివరికి అన్ని వివరణలూ తీసేసి నాలుగు మాటలు మిగిల్చింది. ఆ బొమ్మలు గీసింది నేను. ఏది పైకి, ఏది కిందికి అన్నది నిర్ణయించింది నేను. ఆ నిర్ణయం తప్పు. అది జరిగిన పొరపాటు కాదు, నేను చేసిన పొరపాటు, కాబట్టి వ్యాసం మీదా సవరణ మీదా నా పేరు ఉండాలి. రెండు చోట్లా వెయ్యండి, లేదంటే ఆ బొమ్మ తీసేయండి.

పంపించే ముందు భర్తకు చూపించింది. అతనికి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా చదివినట్టు తలూపి, "గట్టిగానే ఉంది," అన్నాడు.

జవాబు వెంటనే రాలేదు. ఆ మధ్యలో శాఖలో ఆమెతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఆమె సవరణ కాగితం చూసిందన్న సంగతి అప్పటికే పాకిపోయింది, తర్వాత పత్రికకి రాసిందన్న సంగతి కూడా. ట్రేలు రావడం ఆగిపోయింది. కళ్ళజోడు పిల్ల వరండాలో ఎదురైతే గోడవైపు చూస్తూ పోయేది. కెమిస్ట్రీ సారు ఒకసారి మెట్ల మీద కనిపించి, "ఎందుకండీ మేడం ఇంత రచ్చ? ఎవరు పట్టించుకుంటారు ఆ పేర్లన్నీ?" అన్నాడు.

"మీ డైరెక్టరు గారి పేరు తీసేయించి చూపించండి, అప్పుడు నమ్ముతాను," అంది.

ఆయన గబగబా మెట్లు దిగిపోయాడు.

సంపాదకురాలు అందరికీ కలిపి రాసింది. ఆ రాత చల్లగా, ఐస్‌ముక్కలా ఉంది. వ్యాసం నిలబడింది ఏ నిర్ణయం మీదో, ఆ నిర్ణయం చేసినవాళ్ళు రచయితల్లో ఎందుకు లేరో రచయితలు చెప్పాలి. సవరణ మీద రచయితలే సంతకం పెట్టాలి. పొరపాటు చేసినవారు రచయిత కాకపోతే వారి తరఫున ఎవరూ ఒప్పుకోవడానికి వీల్లేదు. ఇది తేలేదాకా సవరణ అచ్చు కాదు, వ్యాసం పక్కన, దీన్ని ఇప్పుడే నమ్మొద్దని చెప్పే అనుమానపు గుర్తు ఉంటుంది.

అనుమానపు గుర్తు అన్నమాట పెద్దసారుని కుర్చీలోంచి లేపింది. అందరినీ గదికి పిలిచాడు. ఆయన మొహం పీక్కుపోయి ఉంది. ఎవరూ కూర్చోకముందే ఆమెవైపు తిరిగి, "నీకు ఏం కావాలో అదే అయింది. సంతోషంగా ఉందా?" అన్నాడు.

"లేదు సార్."

"ఆ పళ్ళెం నన్ను పదిమందిలో నిలబెట్టింది. ఇప్పుడు అదే నన్ను పదిమందిలో నవ్వులపాలు చేసింది. ఆ బాధ నీకు తెలుసా?" కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. "నా మొదటి తవ్వకం మొత్తం మా గురువుగారి పేరు మీద అచ్చయింది తెలుసా నీకు? రెండేళ్ళు ఎండలో మాడాను. ఎక్కడా నా పేరు లేదు. నేను ఇలా ఊరంతా రచ్చ చేశానా?"

ఆయన మనసులో మాట అది. ఆమెకు జాలేసింది కూడా. జాలి వేసిన మరుక్షణం దానికి రెట్టింపు కోపం వచ్చింది.

"చెయ్యాల్సింది సార్. చేసి ఉంటే ఈ రోజు నాతో ఇలా ఉండేవారు కాదు."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత ఆయన పెన్ను తీసి, "సరే, వేద్దాం. చివర్లో వేద్దాం," అన్నాడు.

"చివర్లోనా?" కెమిస్ట్రీ సారు ఉలిక్కిపడ్డాడు. "సార్, మా దాంట్లో చివరి పేరంటే ల్యాబ్ పెద్ద. అక్కడ మా డైరెక్టర్ గారున్నారు. ఆయన తర్వాత ఈవిడ పేరొస్తే, ఈవిడే మా అందరికీ పెద్ద అనుకుంటారు!"

"మా దాంట్లో చివరంటే చివరే. ఏమీ కాదు."

"మీకు ఏమీ కాదు, మాకు అదే సింహాసనం! మధ్యలో ఎక్కడైనా వెయ్యండి. మధ్యలో అయితే ఎవరూ చూడరు."

"అక్షర క్రమంలో వేస్తే?" అంది మూల నుంచి కళ్ళజోడు పిల్ల, భయం భయంగా.

ఇద్దరు సార్లూ ఒక్కసారి లెక్కేసుకున్నారు. అక్షర క్రమంలో అయితే అందరికంటే ముందు బొమ్మలావిడ పేరే వస్తుంది. "వద్దు!" అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో. ఆ విషయంలో మాత్రం రెండు శాఖలకూ పద్ధతి కుదిరింది.

ఆమె అంతా వింది. ఇంతసేపూ చూస్తే, తన పేరు ఎక్కడ పెడితే ఎవరికీ కనబడదా అన్నదే వాళ్ళ గొడవ.

"పెద్దసారు తర్వాత వెయ్యండి," అంది. "వ్యాసం రాసింది ఆయన, ఆయన ముందుండాలి. కానీ ఆయన ఆలోచన నా బొమ్మ చూశాక వచ్చింది, మీ పాల కొవ్వు ఆ ఆలోచన తర్వాత వచ్చింది. జరిగిన వరస అది. మీ దాంట్లో, వాళ్ళ దాంట్లో ఏ వరస ఉందో నాకనవసరం."

కెమిస్ట్రీ సారు నోరు తెరిచాడు గానీ, అనుమానపు గుర్తు గుర్తొచ్చినట్టుంది, మూసేశాడు. పెద్దసారు రాశాడు. అక్షరాలు కాగితాన్ని చింపేంత గట్టిగా రాశాడు.

సవరణ అచ్చయింది. మేము పళ్ళేలన్నవి మూతలు, ఆ పొరపాటుకు మాదే బాధ్యత అని. కింద పేర్లు. రెండోది ఆమెది, వ్యాసం మీదా అంతే. భర్త దాన్ని ప్రింటు తీయించి, బడ్డీలో తాళంచెవుల మధ్య మేకుకి తగిలించాడు. వచ్చినవాళ్ళకి "మా ఆవిడ తప్పు చేసిందండీ, అచ్చేశారు," అని చూపించేవాడు. ఆమె తిడితే, "మరి తప్పులు అచ్చేయించుకోవడం అందరివల్లా అయ్యే పనా?" అనేవాడు. శాఖలో కొందరు "రచయిత్రిగారూ" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపులో ముల్లుందని తెలిసినా ఆమె పలికేది. హాల్లో తలుపంత పళ్ళేన్ని దించేశారు. గోడమీద దాని మేర తెల్లటి మచ్చ మిగిలింది.

వచ్చే నెల వచ్చింది. పెద్దసారు ఆమె కాగితాల మీద సంతకం పెట్టలేదు, పెట్టనని కూడా అనలేదు. గుమాస్తా "ఇంకా రాలేదమ్మా" అంటూ రోజులు నెట్టుకొస్తున్నాడు. అలాంటి ఒక పొద్దున కళ్ళజోడు పిల్ల కొత్త ట్రే తెచ్చి బల్లమీద పెట్టింది. కొత్త తవ్వకంలోవి, ఇంకా మట్టివాసన పోలేదు. "సార్ పంపించారక్కా. ఎప్పట్లాగే గీసిపెట్టమన్నారు."

"ఏమన్నారూ?"

"ఎప్పట్లాగే..."

ఆమె ట్రే రెండు చేతులతో ఎత్తుకుని వరండా దాటింది. ఈసారి తలుపు తట్టింది, మోచేత్తో. లోపలికి వెళ్ళి, పెద్దసారు చదువుకుంటున్న కాగితాల మీదే ట్రే దించింది.

"ఎప్పట్లాగా కుదరదు సార్."

ఆయన తలెత్తలేదు. "గీసేవాళ్ళు నువ్వొక్కదానివే కాదమ్మాయ్. బయట బోలెడుమంది ఉన్నారు."

"ఉన్నారు. పిలవండి. నేను నిలబడతాను, వాళ్ళొచ్చేదాకా."

నిజంగానే నిలబడింది. ఆయన ఫోనువైపు చూశాడు. ఫోను తీశాడు, ఏదో నంబరు వెతికాడు, పెట్టేశాడు. బయటివాళ్ళు రేపే మొదలుపెట్టరు, పైగా ఇంత గొడవ జరిగిన గదిలోకి పెన్ను పట్టుకుని రావడానికి ఎవరికుంటుంది సరదా? కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. ఎవరూ వెళ్ళి దాన్ని వెయ్యలేదు.

"నీకేం కావాలి?" అన్నాడు చివరికి.

"నా కాగితాల మీద సంతకం. ముక్కల గురించి మీరు కెమిస్ట్రీ సారుతో మాట్లాడేటప్పుడు నన్నూ పిలవాలి. నేను చూసింది నేను చెప్తాను, తెలీకపోతే తెలీదంటాను, మీరూ అడగండి. పేరు మొదటి రోజే రాసుకుందాం. తప్పయినా ఒప్పయినా."

"మా సబ్జెక్టులో ఎక్కడా ఇలా లేదు."

"తెలుసు సార్."

ఆయన చాలాసేపు ట్రేలోని ముక్కల్ని చూశాడు. సొరుగు లాగి ఆమె కాగితాలు తీశాడు. అవి అక్కడే, పైనే ఉన్నాయి. సంతకం పెట్టి, ఆమెవైపు తోసి, మొహం ఇంకా ముటముటలాడుతుండగానే, "ఎన్నో పేరు కావాలట?" అన్నాడు.

"అది గీశాక కొట్లాడుకుందాం సార్," అని ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.